ఒళ్లొచ్చే మాత్రలు

ఈ మధ్య మానసిక వైద్యం చదువులో చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి" అన్నారు. ఎప్పుడు చేరాను, ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నాను, ఎవరి సంతకం కోసం ఎన్నాళ్లు తిరిగాను అనేవి రాస్తే చదివేవాళ్లకు నిద్ర మాత్ర అక్కర్లేదు. అందుకని అవి వదిలేస్తున్నాను. మన పనిలో రోగం కంటే మందు ఎక్కువ కథలు నడిపిస్తుంది. అలాంటి కథ ఒకటి చెబుతాను. పుస్తకాల్లో దీన్ని "బరువు పెరుగుట" అని ఒక్క మాటలో రాసి పక్కకు పోతారు. ఆ ఒక్క మాట మైదుకూరులో ఒక ఇంటిని తలకిందులు చేసింది.

మా పెద్ద డాక్టరుగారి సిద్ధాంతం

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. ఓలాంజపిన్ అనే మాత్ర అప్పుడప్పుడే మా చేతికి అందుతోంది. అంతకుముందున్న మందులతో రోగి చెయ్యి వణికేది, మెడ బిగిసేది, ముఖం చెక్కబొమ్మలా అయ్యేది. ఈ కొత్త మాత్రతో అవేవీ పెద్దగా లేవు. మనిషి నిద్రపోయేవాడు, చెవుల్లో గొంతులు ఆగేవి, మాట తిన్నగా వచ్చేది. ఆ తర్వాత ఆకలి మొదలయ్యేది. అది మామూలు ఆకలి కాదు. పళ్లెం ముందు నుంచి లేస్తూనే వంటింటి వైపు చూసే ఆకలి.

మా పైఅధికారిని అందరం పెద్ద డాక్టరుగారు అనేవాళ్లం. మంచి వైద్యుడు. ఆయన పొట్ట ఆయన కంటే కాస్త ముందుగా గదిలోకి వచ్చేది. ఎదురుగా ఉన్న క్వార్టర్స్ నుంచి ఆసుపత్రికి కారులో వచ్చి, రోగులకు "రోజూ నడవాలయ్యా" అని చెప్పేవారు. ఒళ్లొస్తుందన్న సంగతి రోగికి ముందే చెప్పకూడదని ఆయన సిద్ధాంతం.

"మందు గురించి మంచి నువ్వు చెప్పమ్మా. చెడ్డ ఆ మందే చెబుతుంది," అనేవారు.

నాకది నచ్చేది కాదు. నోట్లో వేసుకునేది వాళ్లు, తెలుసుకునే హక్కు కూడా వాళ్లదే అని నా వాదన. అందుకే ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని: ఈ మాత్రకు ఆకలి పెరుగుతుంది, ఒళ్లొస్తుంది, భయపడొద్దు, దారి చూద్దాం అని. ఆ చెప్పడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు వినండి.

మిక్సీలో మాటలు

సుబ్బయ్య శెట్టిగారు మైదుకూరులో పసుపు వ్యాపారి. ఆయన పెద్దకోడలు సుశీలను కర్నూలుకు తీసుకొచ్చారు. కడప దగ్గరే అయినా అక్కడికి పోలేదు. కడపలో అంతా చుట్టాలే, ఏ ఆసుపత్రి మెట్టు మీద ఎవరు కనబడతారో అని భయం. వెంట ఆయన భార్య రత్నమ్మ, సుశీల భర్త, తోడుగా చిన్నకోడలు నాగవేణి వచ్చారు.

సుశీలకు అప్పటికి ముప్పై లోపు. ఇంట్లో మిక్సీ తిప్పితే ఆ రొదలో తన గురించి ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినబడేది. మొదట మిక్సీ తిప్పనివ్వలేదు. తర్వాత దాన్ని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టింది.

"చట్నీ తిని ఎన్నాళ్లయిందో డాక్టరమ్మా," అన్నారు శెట్టిగారు ముందుగా. అది ఆయన దుఃఖంలో ఒక భాగం. రెండో భాగం కండువాతో ముఖం తుడుచుకుని చెప్పారు. "ఇప్పుడు బువ్వ గూడా ముట్టడంల్యా. ఏమన్నా కలిపినారంటాది. నా బిడ్డ లెక్క సూసుకున్నామమ్మా."

సుశీల గోడ వైపు తిరిగి కూర్చుంది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నేను మాత్ర రాసి, ఆమె పక్కన కూర్చుని, నా అలవాటు ప్రకారం అంతా చెప్పాను. నిద్ర వస్తుంది, గొంతులు తగ్గుతాయి, ఆకలి బాగా అవుతుంది, ఒళ్లొస్తుంది. సుశీల విన్నదో లేదో తెలియదు. ఆమె వెనక నిలబడిన నాగవేణి మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఆ అమ్మాయి పుల్లలా ఉండేది. చీర మనిషిని చుట్టుకున్నట్టు కాక కొయ్యకు తగిలించినట్టు ఉండేది.

బయటికి పోతూ రత్నమ్మ ఆమెనే చూసి నిట్టూర్చింది. "ఒకటి తినక ఎండె, ఇంగోటి తిన్నా ఎండె. నా ఇంటికి ఒళ్లు రాసిపెట్టిల్యా."

రెండు నెలల్లో సుశీల మనిషైంది. మిక్సీ అటక దిగింది. శెట్టిగారు ఒక సంచి పసుపుకొమ్ములు మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "మా ఊర్లో మీరు నెలకొకసారి కూసోవల్లమ్మా, గది నేనిస్తా" అన్నారు. మా అమ్మ కడపలోనే ఉండేది కాబట్టి, నెలకో శనివారం అమ్మ దగ్గరికి పోయి, ఆదివారం మైదుకూరులో కూర్చోవడానికి ఒప్పుకున్నాను.

పసుపు కాటా

ఆయన ఇచ్చింది తన పసుపు మండీ ముందు గది. నేను పోయేసరికి బయట బోర్డు కట్టి ఉంది: "నరముల బలహీనతకు చూడబడును."

"ఇదేంటి శెట్టిగారూ, నేను నరాల డాక్టరును కాదు కదా?"

"పిచ్చి డాక్టరని రాస్తే ఎవురొస్తారమ్మా? నరాలంటే అందరికీ ఉంటాయి గదా."

వాదించి లాభం లేదనిపించింది. రోగుల బరువు చూడాలి, యంత్రం లేదు అన్నాను. ఆయన లోపలికి తీసుకుపోయి పసుపు బస్తాలు తూచే కాటా చూపించారు. ఇనప పలక మీద మనిషిని నిలబెట్టి, పక్కన గుండు జరిపి చూడాలి. పసుపు దుమ్ములో నిలబడి దిగిన ప్రతి రోగి కాళ్లూ పారాణి పెట్టుకున్నట్టు అయ్యేవి. తూకం శెట్టిగారే స్వయంగా వేసేవారు. జీవితమంతా మండీలో కేకలు వేసిన గొంతు కదా, తగ్గించడం ఆయనకు చేతకాదు. ఒక ముసలాయన బరువు వీధి చివరి దాకా వినబడేట్టు అరిచి, నా వైపు తిరిగి, "తరుగేమన్నా తీసేయల్లా డాక్టరమ్మా?" అని అడిగారు. పంచె, కండువా బరువు తీసేద్దామా అని ఆయన ఉద్దేశం.

ఈలోగా సుశీల గుండ్రంగా తయారైంది. ఆమె ఏ రోగానికి మందు తింటోందో ఇంట్లో వాళ్లు ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్లకు రత్నమ్మ, "కర్నూలు డాక్టరమ్మ బలానికి మాత్రలిచ్చినాది" అని చెప్పింది. సుశీలను చూస్తే ఆ మాట నమ్మక తప్పదు. దాంతో బజారంతా నా గది ముందు వాలింది. పెళ్లికెదిగిన పిల్లలను తల్లులు, కొత్త కోడళ్లను అత్తలు చేయి పట్టి తీసుకొచ్చేవాళ్లు.

"మా పాపకేం రోగం ల్యా డాక్టరమ్మా. శెట్టిగారి కోడలికిచ్చినారే, అవే రెండు అట్టలు ఇయ్యండి. సంబంధం వాళ్లొస్తాండారు, ఆలోపల కొంచెం బుగ్గలొస్తే సాలు."

ఇవ్వనంటే నా మీద కోపం. డబ్బున్న వాళ్లకే మంచి మందు ఇస్తుందని ఊళ్లో చెప్పుకున్నారట.

ఈ సంబరంలో ఏడ్చేది సుశీల ఒక్కతే. తలుపు వేయమని చెప్పి నాతో అన్నది: "మేడమ్, జాకెట్లన్నీ పిగిలిపోయినాయి. అద్దంలో సూస్తే ఎవురో పెద్దామె నిలబడుంటాది. అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపలే మళ్లా ఆకలి. బెల్లం డబ్బా యాడ దాచినా కనుక్కుంటా. మా అత్త ఏమో వచ్చినోళ్లందరికీ నన్ను సూపిస్తాది, తిరునాళ్లలో గిత్తను సూపిచ్చినట్ల."

పెద్ద డాక్టరుగారిని సలహా అడిగితే నడిపించమన్నారు. సుశీలకు అదే చెప్పాను. మరుసటి నెల వచ్చి, నడవడం మానేశానంది. ఎందుకమ్మా అంటే, "ఇంటి కాడి నుంచి రోడ్డు మీదికొస్తే ప్రతి అరుగు మీద ఒకరు అడుగుతాండారు మేడమ్. యాడికి పోతాండావు, శెట్టిగారు బాగుండారా, ఇంట్లో ఏమన్నా జరిగిందా అని. ఊరికే నడుస్తాండానంటే ఒకామె నన్ను పట్టుకోని ఇంటికి తెచ్చి మా అత్తకు అప్పజెప్పింది," అంది.

పుస్తకంలో "నడక" అని రాసినవాళ్లు మైదుకూరు బజారులో వ్యాపారస్తుల ఇంటి కోడలిగా ఒక్కసారైనా నడిచి చూడలేదు. చిన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సలహా ఇచ్చే ముందు, ఆ మనిషి దాన్ని ఏ వీధిలో ఆచరించాలో అడగండి.

ఒకరు తగ్గి, ఒకరు పెరిగి

తర్వాత వచ్చిన నెలల్లో సుశీల బరువు తగ్గడం మొదలైంది. నేను సంతోషించాను. మాత్ర సరిగ్గా వేసుకుంటున్నావా అంటే, "ఒక్క దినం గూడా తప్పలేదు మేడమ్" అంది. పక్కన నాగవేణి, "నేనే దగ్గరుండి సూస్తాండా" అని సాక్ష్యం చెప్పింది. చెప్పి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

నాగవేణికి నిద్ర ఎక్కువైందని రత్నమ్మ ఫిర్యాదు. పూలు కడుతూ మధ్యలో తూగుతుందట. ఇంట్లో వ్రతం జరుగుతుంటే హారతి పళ్లెం చేతిలో ఉండగానే నిద్రపోయిందట, పంతులుగారు ఎగిరి పళ్లెం పట్టుకున్నారట. "అయితే ఒకటి డాక్టరమ్మా," అని రత్నమ్మ ముఖం విప్పార్చుకుంది, "దీనికీ ఇప్పుడిప్పుడే ఒళ్లొస్తాండాది. నా మాటలకు భయపడి తింటాండాది."

ఆ తర్వాతి ఆదివారం నేను బస్సు దిగేసరికి మండీ మూసి ఉంది. శెట్టిగారింట్లో పొయ్యి వెలిగించలేదు. తెల్లవారగానే సుశీల ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఆమె భర్త ఒకవైపు, శెట్టిగారు ఒకవైపు బస్సులెక్కి వెతుకుతున్నారు. రత్నమ్మ గుమ్మంలో కూర్చుని, నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది.  నాగవేణి మూలన కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం. మా పనిలో నేను బాగా భయపడిన రోజుల్లో అదొకటి. అలా వెళ్లిన వాళ్లలో కొందరు తిరిగి రారు.

సుశీల అహోబిలంలో దొరికింది. కొండదారిలో చెప్పుల్లేకుండా ఒక్కతే పైకి పోతోంది. కింద కొబ్బరికాయలు అమ్మే ఆమెకు అనుమానం వచ్చి, మంచినీళ్లిచ్చి, మాటల్లో పెట్టి కూర్చోబెట్టిందట. ఆమెను అహోబిలం బస్సులో చూశామని ఎవరో చెబితే, శెట్టిగారు అక్కడికి చేరి, జీపు మాట్లాడుకుని తీసుకొచ్చారు. "స్వామి పిలిచినాడు," అంటోంది సుశీల. ఎలా పిలిచాడని అడిగితే చెప్పడానికి ఇష్టపడలేదు. కాసేపటికి వంటింటి వైపు చూసింది. నాకు అర్థమైంది. మిక్సీ మళ్లీ మాట్లాడుతోంది.

మాత్ర తప్పకుండా వేసుకునే మనిషికి ఇంత త్వరగా ఇలా తిరగబెట్టడం ఏమిటని ఆలోచిస్తూ, మండీ తెరిపించి ఆమెను కాటా ఎక్కించాను. పోయిన నెల కంటే బాగా తగ్గింది. చేతికి ఆసరాగా నిలబడిన నాగవేణి వైపు చూశాను. బుగ్గలు నిండి ఉన్నాయి. జాకెట్టు చేతులు బిగుసుకుని ఉన్నాయి. అంత ఏడుపు మధ్యలోనూ ఆవలిస్తోంది.

"నువ్వూ ఎక్కమ్మా," అన్నాను.

"నేనెందుకు మేడమ్, నాకేం ల్యా..."

"ఎక్కు."

శెట్టిగారు గుండు జరిపారు, మళ్లీ జరిపారు, ఇంకా జరిపారు. ఆ ఒక్కరోజే ఆయన తూకం కేక వేయలేదు. కాటా వైపూ, చిన్నకోడలి వైపూ చూసి, "ఇదేందమ్మా, దీంట్లో తగ్గింది దాంట్లోకి పోయినట్లుండాది," అన్నారు మెల్లగా.

నాగవేణి కాటా మీదే కూర్చుని గొల్లుమంది.

"సగం నేను తింటాండా మేడమ్. అక్క సగం, నేను సగం. ఈ నెల అక్క తనకు వద్దనింది. అంతా నేనే తిన్నా."

"ఎవరు తినమన్నారమ్మా నిన్ను?"

"మీరే చెప్పినారు గదా! ఈ మాత్రకు ఆకలైతాది, ఒళ్లొస్తాదని. ఆ పొద్దు కర్నూల్లో నేనీ చెవుల్తోనే వింటి." ముక్కు చీదుకుని అత్త వైపు చూసింది. "ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి పుల్ల, పుల్ల అని పిలుస్తాండారు. అక్కేమో లావైనానని ఏడుస్తాండాది. ఆమెకు వద్దు, నాకు కావల్ల. ఇద్దరం పంచుకుంటే ఇద్దరం బాగుంటాం గదా అనుకున్నాం."

లెక్క ప్రకారం చూస్తే తప్పు పట్టడానికి లేదు. నాకు ఆ క్షణంలో నవ్వు వచ్చింది, అహోబిలం గుర్తొచ్చి ఆగిపోయింది. కొండదారిలో ఆ కొబ్బరికాయల ఆమె లేకపోతే ఆ పంపకం ఎక్కడికి దారితీసేదో.

పంపకం మార్చాం

సుశీలకు మాత్ర పూర్తిగా మళ్లీ మొదలుపెట్టాను. కొన్నాళ్లు రత్నమ్మే స్వయంగా ఇచ్చి, నోరు తెరిపించి చూసింది. నాగవేణికి రక్తం పరీక్ష చేయిస్తే, ఒంట్లో రక్తమే లేదు. ఆ ఇంట్లో మగవాళ్లు తిన్నాక అత్త, అత్త తిన్నాక పెద్దకోడలు, అందరూ తిన్నాక చిన్నకోడలు తినేది. పెద్దకోడలికి ఓలాంజపిన్ ఆకలి పట్టుకున్నాక గిన్నెలో ఇంకేం మిగులుతుంది?

"మాత్ర పంచుకోవద్దు, అన్నం పంచుకోండి," అని చెప్పాను. ఇద్దరూ ఒకేసారి, ఎదురెదురుగా కూర్చుని తినాలి. సుశీల పళ్లెంలో అన్నం తగ్గి, పప్పు, ఆకుకూర పెరగాలి. నాగవేణి పళ్లెంలో అన్నీ పెరగాలి. నడక రోడ్డు మీద వద్దు. సాయంత్రం మండీ ఖాళీ అయ్యాక, బస్తాల మధ్య ఇద్దరూ తిరగాలి. అక్కడ అడిగేవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత రత్నమ్మను పక్కకు పిలిచాను. ఆమె నేను నోరు తెరవకముందే, "తెలుసు డాక్టరమ్మా, ఇంగ ఎవురినీ ఏమీ అనను" అంది. నెల తర్వాత అడిగితే కోడళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అనడంల్యా మేడమ్, కానీ అనకుండా ఉండేదానికి శానా కష్టపడతాండాది. మమ్మల్ని సూసినప్పుడల్లా నోరు కొంగుతో మూసుకుంటాది," అన్నారు.

సుశీల కుదుటపడ్డాక మాత్ర మార్చి చూశాను. కొత్తదాంతో బరువు ఆగింది కానీ కాళ్లు నిలవలేదు. ఆ మందుకు కొందరికి అలా అవుతుంది, ఒకచోట కూర్చోలేరు. ఇల్లంతా గిరగిరా తిరుగుతుంటే రత్నమ్మ, "ఇప్పుడు బాగా నడుస్తాండాది డాక్టరమ్మా!" అని మెచ్చుకుంది. సుశీల మాత్రం నా ముందు నిలబడే, "పాతదే ఇయ్యండి మేడమ్, తక్కువలో ఎంతకు పని జరుగుతాదో అంతే ఇయ్యండి" అంది. "ఒళ్లొస్తే వచ్చింది. దాన్ని నేను సూసుకుంటా. ఆ మాటలు మాత్రం మళ్లా వినలేను. కొండ కాడ నేనెవురో నాకే తెలీలా." మాత్ర కొంచెం తగ్గించాం. చక్కెర పరీక్ష ఆరు నెలలకోసారి చేయించుకోమన్నాను. మీ రోగులకు మీరూ చేయించండి, కాటా ఒక్కటే సరిపోదు.

కర్నూలు పోయి ఇదంతా చెబితే, పెద్ద డాక్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "చూశావా, చెప్పొద్దంటే వినలేదు!"

"చెప్పకపోతే ఒళ్లొస్తోందని భయపడి సుశీల ఆ మాత్రలు పెరట్లో పడేసేది సార్. చెప్పినందుకు ఇంట్లోనే ఉన్నాయి, కాటా మీద దొరికాయి," అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, ఆ వారం నుంచి రోగులకు తానూ చెప్పడం మొదలుపెట్టారు. చెప్పే ముందు వెనక నిలబడ్డవాళ్లను బయటికి పంపేవారు.

పెళ్లి పందిట్లో

ఏడాది తర్వాత శెట్టిగారి దగ్గరి బంధువుల పెళ్లి మైదుకూరులోనే జరిగింది. నన్నూ పిలిచారు. ఓళిగ, అంటే బొబ్బట్టు, మీద నెయ్యి పోయించుకుంటున్నాను. పక్క వరుసలో సుశీల, కొత్త పట్టుచీరలో, ఒంటికి సరిగ్గా కుట్టించుకున్న జాకెట్టుతో వడ్డిస్తోంది. మునుపటంత లావు లేదు, సన్నగానూ లేదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పినతల్లి ఆమెను పైనుంచి కిందికి చూసి, పందిరంతా వినేట్టు, "ఏమ్మే సుశీలా, ఇంత లావైనావు? ఏం తింటాండావు?" అంది.

రత్నమ్మ కొంగు నోటికి పోయింది. "బలం మాత్రలు" అనే జవాబు ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. సుశీల గరిటె గిన్నెలో పెట్టి నిలబడింది.

"మాత్రలు తింటాండా పిన్నమ్మా. బలానికి కాదు. నాకు తల బాగలేకపోయె. ఎవురెవురో మాట్లాడినట్ల వినపడతాండె. ఇప్పుడు వినపడడంల్యా. ఆ మాత్రకు కొంచెం ఒళ్లొస్తాది, అంతే." ఆగి, గరిటెతో నా వైపు చూపించింది. "డాక్టరమ్మ ఆడ కూర్చోనుండాది. నరాల డాక్టరు కాదు, తల డాక్టరే."

 అందరూ నా వైపు తిరిగారు. నోట్లో ఓళిగ ఉండడం వల్ల నేను నవ్వలేక, తల ఊపాను. శెట్టిగారు దూరం నుంచి కళ్లు తుడుచుకుంటూ, "సాంబారు! ఈడ సాంబారు ల్యా!" అని అనవసరంగా అరిచారు. నాగవేణి గబగబా వచ్చి అక్క పక్కన నిలబడి, పినతల్లి ఆకులో అడక్కుండానే ఇంకో ఓళిగ వేసింది.

తినడం అయ్యాక చేయి కడుక్కుని వచ్చేసరికి నా పక్క కుర్చీలో ఆ పినతల్లే కూర్చుని ఉంది. అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు బాగా తగ్గించింది.

"అమ్మా, మా ఇంటాయన పోయినప్పటి నుంచి నాకు నిద్దర పట్టదు. రేత్రంతా గోడ సూస్తాంటా. ఎవురికీ చెప్పలా. దీనికి గూడా మాత్ర ఉండాదా?"

ఉందమ్మా, ముందు చెప్పు, వింటాను అన్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టేలోపు ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, మేం ఏమీ వినడం లేదన్నట్టు అటు తిరిగి, మెల్లగా కుర్చీలు లాక్కుంటున్నారు.